135 పాయింట్ల లెక్క మాకు తెలుసు, ఆ మూడు ఓటముల లెక్క మీరు చెప్పాలి: బోస్టన్ బ్రూయిన్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

యజమాని జెరెమీ జేకబ్స్ గారికీ, ప్రెసిడెంట్ క్యామ్ నీలీ గారికీ, జనరల్ మేనేజర్ డాన్ స్వీనీ గారికీ,

నమస్కారం. మీ ఐస్ హాకీ టీమ్ అంటే నాకు ఇష్టం. కింద రాసింది చదివితే అలా అనిపించకపోవచ్చు కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నా.

2022-23 సీజన్ గురించి ఎవరు ఎప్పుడు అడిగినా రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, ప్లేఆఫ్స్‌లో ఏమైనా జరగొచ్చు. రెండు, లీగ్ పట్టికలో మొదట నిలిచినవాళ్ళకిచ్చే ప్రెసిడెంట్స్ ట్రోఫీకి శాపం ఉంది. శాపాలూ దిష్టీ మాకు కొత్త కాదు, కొత్త కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవాళ్ళం. కానీ ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో ఫ్లోరిడా టీమ్ మీద 3-1 ఆధిక్యంలో ఉండి మూడు మ్యాచ్‌లు వరసగా పోగొట్టుకోవడానికి దిష్టి కారణమంటే నేను ఒప్పుకోను. అవి నిర్ణయాలు. ఫలానా రోజు ఫలానావాళ్ళు తీసుకున్న నిర్ణయాలు. అభిమానులు ఆ రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు, మీరేమో విలేకరుల సమావేశం పెట్టి నిరాశపడ్డామని చెప్పి ముందుకెళ్ళిపోయారు.

తెలుగులో ఎందుకు రాస్తున్నావంటారేమో. ఈ మసాచుసెట్స్‌లో, పక్కన న్యూహాంప్‌షైర్‌లో మావాళ్ళు వేలల్లో ఉన్నారు, పిల్లల్ని ఊళ్ళో రింకులో స్కేటింగ్‌కి దింపుతూ దింపుతూ ఆట నేర్చుకున్నవాళ్ళు చాలామంది, లోవెల్ లైన్ రైలెక్కి నార్త్ స్టేషన్‌లో దిగితే మీ స్టేడియం గార్డెన్ నెత్తిమీదే ఉంటుంది, మీ సీట్లు కొనేవాళ్ళలో మేమూ ఉన్నాం.

హాకీ అంటే ఇంకా గడ్డి మైదానమే గుర్తొచ్చే మనవాళ్ళ కోసం కొంచెం చెప్పుకోవాలి. నేషనల్ హాకీ లీగ్‌లో 32 టీమ్‌లు, ఆ సీజన్‌లో ఒక్కోదానికి 82 మ్యాచ్‌లు. గెలిస్తే 2 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే 1. అందులో 16 టీమ్‌లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ముందు నాలుగు గెలిచినవాళ్ళు నిలుస్తారు, అలాంటి సిరీస్‌లు నాలుగు గెలిస్తే స్టాన్లీ కప్. ఆ మ్యాచ్‌లన్నీ అయ్యాక, ప్లేఆఫ్స్‌కి ముందు, పట్టికలో మొదట ఉన్నవాళ్ళకి ప్రెసిడెంట్స్ ట్రోఫీ ఇస్తారు. 1985-86లో మొదలైన ఆ ట్రోఫీ గెలిచిన ఏడాదే కప్పు కూడా గెలిచిన సందర్భాలు 2025 దాకా ఎనిమిదే, ఆఖరుది 2013లో షికాగో.

ఇక 2022-23లో మన సంగతి. 65 గెలుపులు, 12 ఓటములు, 5 ఓవర్‌టైమ్ ఓటములు, 135 పాయింట్లు. లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ 62కి మించి గెలవలేదు (1995-96లో డెట్రాయిట్, 2018-19లో టాంపా బే). పాయింట్ల రికార్డు 132, అది 1976-77 నాటి మాంట్రియల్‌ది, నలభై ఆరేళ్ళు ఎవరూ ముట్టుకోలేదు. మన ఫార్వర్డ్ పాస్టర్నాక్‌వి 61 గోల్స్. గోల్‌కీపర్ ఉల్‌మార్క్ 40 మ్యాచ్‌లు గెలిచి ఉత్తమ గోల్‌కీపర్‌కిచ్చే వెజీనా ట్రోఫీ, కెప్టెన్ బెర్జెరాన్ 37 ఏళ్ళ వయసులో, డిఫెన్స్‌లో మేటి ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీ ఆరోసారి, కోచ్ మాంట్‌గోమరీ వచ్చిన మొదటి ఏడాదే ఉత్తమ కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు. సొంత మంచు మీద మొదటి 14 మ్యాచ్‌లూ గెలిచారు, మొత్తం 41 ఇంటి మ్యాచ్‌ల్లో మామూలు సమయంలో ఓడింది నాలుగే.

ఏప్రిల్ 11న వాషింగ్టన్ మీద గెలిచి ఆ 132 రికార్డు దాటారు కదా, సరిగ్గా అదే రాత్రి ఇంకోచోట పిట్స్‌బర్గ్ వెళ్ళి వెళ్ళి షికాగో చేతిలో ఓడింది. పట్టికలో అట్టడుగున ఉన్న షికాగో! దాంతో ఫ్లోరిడా పాంథర్స్‌కి ప్లేఆఫ్స్ తలుపు తెరుచుకుంది. వాళ్ళవి 92 పాయింట్లు, అర్హత పొందిన పదహారింటిలో అందరికన్నా తక్కువ, మీకన్నా 43 తక్కువ.

ఇప్పుడు నిర్ణయాల దగ్గరికి వద్దాం.

సీజన్ ఆఖరి మ్యాచ్ ఏప్రిల్ 13న మాంట్రియల్‌లో. రికార్డులు రెండూ అప్పటికే మీ చేతిలో ఉన్నాయి, పట్టికలో మారేదేమీ లేదు. ఆ రాత్రి బెర్జెరాన్ ఆడాడు, దెబ్బ తగిలి మధ్యలో వెళ్ళిపోయాడు, ప్లేఆఫ్స్‌లో మొదటి నాలుగు మ్యాచ్‌లకి లేడు. క్యుబెక్‌లో పుట్టిన మనిషికి మాంట్రియల్‌లో అదే ఆఖరి ఆట కావచ్చు, ఆడాలని ఉండటం నాకు అర్థమవుతుంది, ఆయన్ని ఒక్క మాట అనను. కానీ అలాంటప్పుడు వద్దని చెప్పడానికే కదా మేనేజ్‌మెంట్ ఉండేది.

గోల్‌కీపర్ల విషయం ఇంకా వింత. సీజన్ అంతా ఉల్‌మార్క్, స్వేమన్ ఇద్దరినీ మార్చి మార్చి ఆడించారు, ఇద్దరూ కలిసి లీగ్‌లో అందరికన్నా తక్కువ గోల్స్ ఇచ్చారు, మ్యాచ్ అయ్యాక వాళ్ళిద్దరి కౌగిలింత చూడటానికే కొందరు టీవీ కట్టేయకుండా కూర్చునేవారు. ఆరు నెలలు పనిచేసిన ఆ పద్ధతిని ప్లేఆఫ్స్ మొదలవగానే పక్కన పెట్టేశారు. వరసగా ఆరు మ్యాచ్‌లు ఉల్‌మార్కే. ఆయన ఒంట్లో బాగాలేదని, నొప్పితోనే ఆడుతున్నాడని అప్పట్లోనే వార్తలొచ్చాయి. ఐదో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ళ) కోసం నెట్ వెనక్కి వెళ్ళి పోగొట్టుకున్నాడు, ఫ్లోరిడా ఆటగాడు కచక్ గోల్ కొట్టాడు. ఆరో మ్యాచ్‌లో ఆఖరిదైన మూడో పీరియడ్‌లో 5-4 ముందుండి 7-5తో ఓడారు. అప్పుడు గుర్తొచ్చాడు స్వేమన్, ఆ సిరీస్‌లో ఒక్క మ్యాచ్‌కీ మొదటినుంచి దిగని కుర్రాణ్ణి తీసుకెళ్ళి ఏడో మ్యాచ్‌లో నిలబెట్టారు, పాపం బాగానే ఆడాడు.

ఇంకో సంగతి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. మూడు, నాలుగు మ్యాచ్‌లు ఫ్లోరిడాలో, బెర్జెరాన్ లేడు, క్రేచీ లేడు, అంటే దాడిని మధ్య నుంచి నడిపించే మొదటి ఇద్దరు సెంటర్లూ లేరు. రెండూ గెలిచారు, 4-2, 6-2. పెద్దవాళ్ళు తిరిగి రాగానే గెలుస్తున్న లైన్లన్నీ (కలిసి దిగే ముగ్గురేసి ఫార్వర్డ్‌ల జట్లు) కదిపేశారు. రావద్దని ఎవరూ అనరు, అంతపెద్ద ఆటగాళ్ళని ఎవరు ఆపుతారు. కానీ నడుస్తున్నదాన్ని అంత గబగబా ఎందుకు కెలికారో ఇప్పటికీ తెలీదు.

ఏడో మ్యాచ్ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 0-2 నుంచి 3-2కి వచ్చారు, ఇంకో నిమిషం ఆగితే సిరీస్ మనది, ఫ్లోరిడా ఆటగాడు మోంటూర్ సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో వాళ్ళ వర్హేగీ ముగించాడు. గార్డెన్‌లో ఆడిన నాలుగు మ్యాచ్‌ల్లో మూడు ఓడారు. ఐదో మ్యాచ్‌లో మామూలు సమయం ఆఖరి క్షణాల్లో మన మార్షాండ్ ఒక్కడే ఫ్లోరిడా గోల్‌కీపర్ బొబ్రోవ్‌స్కీ ముందుకి దూసుకెళ్ళాడు, అది గోల్ అయ్యుంటే ఈ లేఖే లేదు. సరే, ఒక్క షాట్ అదృష్టం అనుకోవచ్చు. మూడు మ్యాచ్‌లు అదృష్టం కావు. అదే ఏడాది నవంబరులో వరసగా పది మ్యాచ్‌లు గెలిచి అహ్మదాబాద్‌లో ఫైనల్ ఓడిన మన క్రికెట్ టీమ్‌ని చూసినవాళ్ళకి ఆ కడుపుమంట తెలుసు, కానీ వాళ్ళు ఓడింది ఒక్క మ్యాచ్, ఇక్కడ మీకు ఒకటి పోయినా ఇంకోటి, అదీ పోయినా ఇంకోటి మిగిలింది.

ఇదంతా తవ్వడం ఎందుకంటే, మిమ్మల్ని ఓడించిన ఫ్లోరిడా సరిగ్గా ఏడాది ముందు మీ చోటే నిలబడి ఉంది. 2021-22లో ప్రెసిడెంట్స్ ట్రోఫీ వాళ్ళదే, 122 పాయింట్లు, మ్యాచ్‌కి సగటున నాలుగుకి పైగా గోల్స్. రెండో రౌండ్‌లో టాంపా 4-0తో ఊడ్చేసింది, నాలుగు మ్యాచ్‌ల్లో వాళ్ళు కొట్టింది మూడు గోల్స్. వాళ్ళు శాపం అనలేదు. మాకు ఏప్రిల్‌లో, అంటే ప్లేఆఫ్స్‌లో, ఆడే ఆట రాదు అనుకున్నారు, తమ టాప్ స్కోరర్ హ్యూబర్డోని, డిఫెన్స్‌లో వీగర్‌ని ఇచ్చేసి కచక్‌ని తెచ్చుకున్నారు, కోచ్‌గా పాల్ మారిస్‌ని పెట్టుకున్నారు. మరుసటి ఏడాది పాయింట్లు 30 పడిపోయినా కంగారుపడలేదు. 2023లో ఫైనల్, 2024లో కప్పు, 2025లో మళ్ళీ కప్పు. టాంపాది ఇంకో దారి. 2019లో 128 పాయింట్లతో ఉండి మొదటి రౌండ్‌లోనే కొలంబస్ చేతిలో 4-0, అయినా కోచ్‌ని తీసేయలేదు, లోపం ఎక్కడుందో చూసి మూలల్లో పోట్లాడి పక్ లాక్కునేవాళ్ళని చేర్చుకున్నారు, 2020, 2021 కప్పులు రెండూ వాళ్ళవే.

మీరేం చేశారు? 2022-23లో ఆటగాళ్ళకిచ్చిన బోనస్‌ల వల్ల తర్వాతి ఏడాది శాలరీ క్యాప్‌లో (టీమ్ జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) 45 లక్షల డాలర్ల కోత పడింది. 2023 ప్లేఆఫ్స్ కోసం ఓర్లోవ్, హాథవే, బెర్టూజీలను తెచ్చారు, ముగ్గురూ ఆ వేసవిలోనే వెళ్ళిపోయారు. వాళ్ళ కోసం రెండు మొదటి రౌండ్ పిక్‌లు (కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వంతులు) ఇచ్చారు. అందులో 2024ది చేతులు మారి ఒటావా దగ్గరికి చేరింది, మళ్ళీ అదే పిక్ మీ దగ్గరికి ఎలా వచ్చిందయ్యా అంటే, ఉల్‌మార్క్‌ని ఒటావాకి ఇస్తే వచ్చింది! మన వస్తువు మనం తెచ్చుకోవడానికి వెజీనా గోల్‌కీపర్‌ని ఇచ్చాం అన్నమాట (ఇంకో ఇద్దరు ఆటగాళ్ళు కూడా వచ్చారు, కాదనను). మాంట్‌గోమరీని 2024 నవంబరులో తీసేశారు. అంతకుముందు 2022లో తీసేసిన కోచ్ కాసిడీ వెగాస్ వెళ్ళి, మీరు ఓడిన ఆ 2023లోనే కప్పు ఎత్తాడు, అదీ ఫ్లోరిడా మీద. 2025 మార్చిలో కెప్టెన్ మార్షాండ్‌ని ఫ్లోరిడాకే పంపారు, జూన్‌లో అతను అక్కడ కప్పు ఎత్తుకున్నాడు. ఆ ఏడాది బోస్టన్‌కి 76 పాయింట్లు. 135 నుంచి 76కి రెండేళ్ళు.

ఇది ఏదో అభిమానుల బాధే అనుకోకండి. దీని ఖర్చు ఎవరెవరి మీద పడిందో ఒక్కొక్కటే చెప్తాను.

1. గంటల లెక్కన పనిచేసేవాళ్ళు. పట్టికలో మొదటి స్థానం అంటే ప్రతి సిరీస్‌లోనూ ఎక్కువ మ్యాచ్‌లు సొంత ఊళ్ళో ఆడే హక్కు. నాలుగు సిరీస్‌లు గెలిస్తే గార్డెన్‌లో తక్కువలో తక్కువ 8, ఎక్కువలో ఎక్కువ 16 మ్యాచ్‌లు. జరిగింది 4. ఆ మిగతా రాత్రులన్నీ ఎవరివి? బీర్లు పోసేవాళ్ళవి, టికెట్లు స్కాన్ చేసేవాళ్ళవి, మ్యాచ్ అయ్యాక అర్ధరాత్రి సీట్ల కింద ఊడ్చేవాళ్ళవి, గార్డెన్ ముందున్న కాజ్‌వే స్ట్రీట్ బార్లలో టిప్పుల మీద బతికేవాళ్ళవి. ఆటగాళ్ళకి ప్లేఆఫ్స్‌లో జీతం ఎలాగూ ఉండదు, బోనస్‌లో వాటా ఉంటుంది, వాళ్ళకి బ్యాంకులో మిలియన్లున్నాయి. షిఫ్ట్ పడితేనే డబ్బులొచ్చే మనిషికి మే నెల అద్దె ఎలా? 2020 మార్చిలో కోవిడ్‌కి సీజన్ ఆగినప్పుడు పార్ట్‌టైమ్ సిబ్బందికి సాయం ప్రకటించడంలో లీగ్ మొత్తంలో మీరే ఆఖరన్న వార్తలు ఈ ఊరు మర్చిపోలేదు, చివరికి 15 లక్షల డాలర్ల నిధి పెట్టారు, సంతోషం. అలాంటిదే శాశ్వతంగా పెట్టండి. ప్రెసిడెంట్స్ ట్రోఫీ గెలిచి మొదటి రౌండ్‌లో ఓడిన ఏడాది, కనీసం రెండో రౌండ్ ఇంటి మ్యాచ్‌ల కూలి సిబ్బందికి గ్యారంటీగా ఇవ్వండి. నా అంచనాలో అది మీ నాలుగో లైన్ ఆటగాడి జీతమంత కూడా కాదు.

2. టికెట్టు కొనేవాళ్ళు. ఇక్కడ నాకు నిజంగా కోపం వస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా 41 ఇంటి మ్యాచ్‌లు, ఒక్కోటీ చరిత్ర అని చెప్పి అమ్మారు, అది చరిత్రే, ఒప్పుకుంటా. నలుగురున్న కుటుంబం పార్కింగ్, తిండీ కలుపుకుని ఒక్క రాత్రి వెళ్తే నెల కిరాణా డబ్బులు అయిపోతాయి. తీరా ఓడిపోయాక రెగ్యులర్ సీజన్‌దేముంది, అసలు ఆట ప్లేఆఫ్స్‌దే అంటారు. అసలు ఆట కానిదానికి అసలు ధర ఎందుకు తీసుకున్నారు? ఏదో ఒకటి అనుకోండి. ఆ 82 మ్యాచ్‌లకీ విలువ ఉందంటే ఆ సీజన్‌ని గౌరవంగా గుర్తుచేసుకోండి, బెర్జెరాన్, క్రేచీ ఇద్దరూ ఆ వేసవిలో రిటైరయ్యారు, వాళ్ళ ఆఖరి ఏడాదిని తలవంచుకోవాల్సిన ఏడాదిలా చూడటం ఆపండి. విలువ లేదంటే ధర తగ్గించండి. పై అంతస్తు సీట్లలో కొన్నైనా ప్రతి మ్యాచ్‌కీ మామూలు ఉద్యోగి కొనగలిగే ధరకి, తిరిగి అమ్ముకునే వీలు లేకుండా, ఉంచాలని అడుగుతున్నాను.

3. గాయాల సంగతి. ఎవరికేమైందని అడిగితే ఈ లీగ్‌లో వచ్చే జవాబు "అప్పర్ బాడీ" లేదా "లోయర్ బాడీ". తలనొప్పా, చెయ్యి విరిగిందా, నడుం పట్టిందా తెలియదు. సిరీస్ నడుస్తున్నప్పుడు దాస్తే దాయండి, ఎదుటివాడు ఆ చోటే కొడతాడు, నాకు తెలుసు. అయిపోయాక దాచడమెందుకు? 2023లో ఉల్‌మార్క్ ఏ స్థితిలో ఆడాడు, స్వేమన్‌ని ముందే దింపాలని ఎవరైనా అన్నారా, బెర్జెరాన్‌ని మాంట్రియల్‌లో ఆడించాలన్నది ఎవరి నిర్ణయం, ఈ మూడింటికీ మీ ముగ్గురూ కూర్చుని బహిరంగంగా జవాబు చెప్పండి. ఆటగాళ్ళకి ఇష్టం లేని వైద్య వివరాలు అక్కర్లేదు. నొప్పితో నిలబడ్డ మనిషిని ఊరంతా "ఒత్తిడికి చిత్తయ్యాడు" అని తిడుతుంటే మౌనంగా ఉండటం మాత్రం మంచిది కాదు.

4. పిల్లలు, రింకులు. గార్డెన్ కట్టుకోవడానికి అనుమతిచ్చిన 1993 చట్టంలో ఏడాదికి మూడు నిధుల సేకరణ కార్యక్రమాలు పెట్టి, ఆ డబ్బు ప్రభుత్వ ఆటస్థలాలకి ఇవ్వాలని ఉంది. ఏళ్ళ తరబడి అవి జరగనేలేదు. 2017లో జమైకా ప్లెయిన్ టీనేజర్లు తమ పేటలో ఐస్ రింకు కోసం తిరుగుతూ పాత కాగితాల్లో దాన్ని పట్టుకున్నారు, ఆఖరికి 16.5 లక్షల డాలర్లకి ఒప్పందం కుదిరింది. పిల్లలకి వచ్చిన ఆ ఓపిక, పాత కాగితాలు తిరగేసే ఆ ఓపిక, 2023 విషయంలో మీకూ రావాలని నా కోరిక.

5. ఇది మీ ఒక్కరితో అయ్యేది కాదు, లీగ్ సమావేశాల్లో మీరు లేవనెత్తాల్సింది. మా ఐపీఎల్‌లో పట్టికలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న టీమ్‌లకి ఒక మ్యాచ్ ఓడినా ఇంకో అవకాశం ఉంటుంది. ఇక్కడ 82 మ్యాచ్‌లు కష్టపడ్డవాళ్ళకి దక్కేది ఏడో మ్యాచ్ సొంత ఊళ్ళో ఆడటం, అంతే. ఆస్ట్రియా లీగ్‌లో పైనున్న టీమ్‌లు ప్లేఆఫ్స్ ప్రత్యర్థిని ఎంచుకునే పద్ధతి ఉంది, అమెరికాలోనే సదరన్ ప్రొఫెషనల్ హాకీ లీగ్ కూడా 2018లో అలాంటిది పెట్టింది. దాన్ని తెమ్మని అడగండి. నిజం చెప్పాలంటే 2023లో మీకు ఆ అవకాశం ఉన్నా 92 పాయింట్ల ఫ్లోరిడానే కోరుకునేవారేమో, అప్పుడు శాపం అనడానికి వీలుండేది కాదు, ఎంచుకున్నది మేమే అని చెప్పాల్సొచ్చేది. నాకు కావలసిందీ అదే.

స్వీనీ గారూ, 2025లో 76 పాయింట్ల సీజన్ తర్వాత కూడా మీ కాంట్రాక్టు పొడిగించారు. నాకు అభ్యంతరం లేదు, 135 పాయింట్ల టీమ్‌ని కట్టింది కూడా మీరే కదా. కానీ పొడిగింపుతో పాటు బాధ్యత కూడా వస్తుంది. మళ్ళీ ఒక మంచి టీమ్ తయారైనప్పుడు, గోల్‌కీపర్లని ఎలా వాడాలి, దెబ్బ తగిలినవాళ్ళు తిరిగొస్తే లైన్లు ఎలా మార్చాలి, ఎప్పుడు ఎవరికి విశ్రాంతి ఇవ్వాలి అన్నవి 2023లో ఏం నేర్చుకుని నిర్ణయిస్తారో సీజన్ టికెట్ల రెన్యువల్ గడువుకి ముందే చెప్పండి, గడువు తర్వాత కాదు.

జవాబు ఇంగ్లీషులో ఇచ్చినా ఫర్వాలేదు, మావాళ్ళకి తెలుగులో చెప్పే పూచీ నాది.

ఇట్లు,
మసాచుసెట్స్‌లో ఉంటున్న ఒక తెలుగు బ్రూయిన్స్ అభిమాని